రక్తపు చుక్కకూ మాత్రకూ నడుమ
(డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం, పూడూరు)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమైనదో ఆ ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదువు ముగించి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రాన్ని అభ్యసించి, జీవరసాయన పరిశోధకుడిగా స్థిరపడి, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన పేరు వినగానే ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, యాంటీబయాటిక్ ఆరియోమైసిన్, బోదకాలు మాత్ర గుర్తుకు రావడం సహజం. అయితే శాస్త్రలోకం ఆయన్ను తొలిసారి గుర్తించింది ఏ మందు వల్లనో కాదు, ఒక పరీక్ష వల్ల. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ప్రకటించిన పద్ధతిలో రక్తంలోని, మూత్రంలోని భాస్వరం ఎంతో నీలి రంగు గాఢతను బట్టి తెలిసేది. ఖరీదైన పరికరాలు లేని ప్రయోగశాల సైతం చేసుకోగలిగినంత సులువైనది కనుకనే అది ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలకెక్కి, దశాబ్దాలపాటు నిలిచింది. అదే భాస్వరాన్ని వెంబడించి ఆయనా ఫిస్కూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కండరాల్లో గుర్తించారు. 1940లో లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లాక ఆయన నేతృత్వంలోని బృందం బోదకాలుకు తెచ్చిన డైఇథైల్‌కార్బమజిన్, అంటే గ్రామాల్లో డీఈసీ అని పిలిచే మాత్ర, 1947లో వెలుగు చూసింది.

ఒకే జీవితంలో పరీక్షను, మాత్రను రెండింటినీ అందించిన మనిషి స్మృతిలో ఆ రెండింటి మధ్య ఉండే దూరాన్ని గురించి ఆలోచించడం సముచితం. రక్తపు చుక్క తీసిన క్షణం నుంచి సరైన మాత్ర నోట్లో పడే క్షణం వరకు పట్టే కాలమే పరాన్నజీవి వ్యాధుల విషయంలో పరీక్షకు అసలు గీటురాయి అనీ, రోగి ఉన్నచోటే జరిగే అణుస్థాయి పరీక్షను ఆ గీటురాయి మీదనే పరీక్షించాలనీ, అలా పరీక్షించినప్పుడు దాని అవసరం జ్వరాలు మండిపోయే చోట కంటే అవి దాదాపు అంతరించిన వికారాబాద్ జిల్లాలోని పూడూరు, తాండూరు వంటి చోట్లే ఎక్కువని తేలుతుందనీ ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తుంది.

1. గాజు పలక

మలేరియా పరాన్నజీవికీ దోమకూ ఉన్న సంబంధం నిర్ధారణ అయినది ఇక్కడికి ఎంతో దూరం లేని సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించిన అనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడలో పరాన్నజీవి కోశాలను సూక్ష్మదర్శినిలో చూశారు. ఆ రోగికి కుట్టిన ప్రతి దోమకు ఒక అణా చొప్పున చెల్లించారు. బేగంపేటలోని ఆ భవనం నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి పరాన్నజీవశాస్త్ర సంస్థగా రాస్ పేరుతోనే ఉంది. ఆనాటి సూక్ష్మదర్శినీ, గాజు పలకా నేటికీ మలేరియా నిర్ధారణకు ఆధారాలు.

ఈ సభలో ఉన్న టెక్నీషియన్లకు చెప్పనక్కరలేదు గాని, తక్కినవారి కోసం ఆ పని ఎలా సాగుతుందో వివరించడం అవసరం. ఉంగరపు వేలి కొసను స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, లాన్సెట్‌తో పొడిచి, మొదటి చుక్కను దూదితో తుడిచేసి, తర్వాతి చుక్కలను పలక మీదికి తీసుకుంటారు. రెండో పలక మూలతో రక్తాన్ని గుండ్రంగా కలిపితే మందపు పూత, అంచుతో ఒక్క ఊపున లాగితే పలుచని పూత ఏర్పడతాయి. పూత ఆరాక దేశమంతటా వాడుకలో ఉన్న జేఎస్‌బీ రంగు వేసి, నూనె చుక్క కింద వందరెట్ల కటకంతో ఒక్కొక్క క్షేత్రాన్నీ జరుపుతూ చూడాలి. ఒక మైక్రోలీటరు, అంటే ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో 8000 తెల్లకణాలు ఉంటాయని లెక్కకు తీసుకుంటారు కనుక, 500 తెల్లకణాలు లెక్కించేవరకు ఓపికగా చూసిన టెక్నీషియన్ నిజానికి చూసినది మైక్రోలీటరులో పదహారో వంతు మాత్రమే. ఆ పదహారో వంతులో పరాన్నజీవి కనిపించలేదంటే మనిషిలో లేదని అర్థం కాదు. అనుభవజ్ఞుడైన టెక్నీషియన్ క్షేత్రస్థాయిలో మైక్రోలీటరుకు 50 నుంచి 100 పరాన్నజీవులున్న రక్తాన్ని పట్టుకోగలడు. అంతకంటే తక్కువైతే కన్ను ఎంత పదునుదైనా చాలదు.

కన్ను కంటే పెద్ద చిక్కు కాలం. 1958లో మొదలైన జాతీయ మలేరియా నిర్మూలన కార్యక్రమంలో కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి, జ్వరం వచ్చినవారి రక్తపూత తీసి, అనుమానం మీదనే క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చి, గోడ మీది పట్టికలో తేదీ వేసి వెళ్లేవాడు. పలకలు ప్రయోగశాలకు చేరి, ఫలితం తిరిగి వచ్చి, పూర్తి చికిత్స అందేసరికి రోజులు, ఒక్కోసారి వారాలు గడిచేవి. ఈ కార్యక్రమం సాధించిన దాన్ని తక్కువ చేయడం అన్యాయం: 1947లో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా సోకి 8 లక్షల మంది చనిపోతున్న దేశంలో 1960ల నడిమికి కేసులు దాదాపు లక్షకు దిగాయి. కాని 1976 నాటికి అవి మళ్లీ 64 లక్షలు దాటాయి. దోమ మందును తట్టుకోవడం, పరాన్నజీవి క్లోరోక్విన్‌కు లొంగకపోవడం, నిధులు సన్నగిల్లడం అందుకు కారణాలుగా చెబుతారు. మిగిలిపోయిన కొద్దిపాటి పరాన్నజీవులను సకాలంలో పట్టుకోలేకపోవడాన్నీ వాటి సరసన చేర్చాలి. అంతరించబోతున్న వ్యాధి పట్ల నిఘా సడలితే ఏమవుతుందో చెప్పడానికి ఆ ఏడాది ఒక్కటి చాలు.

2. కిట్

2005 తరువాత ఆశా కార్యకర్త చేతికి వచ్చిన ర్యాపిడ్ కిట్ కాలాన్ని జయించింది. ఒక చుక్క రక్తం, కొన్ని చుక్కల ద్రావణం, పదిహేను ఇరవై నిమిషాల నిరీక్షణ. గీత పడితే అక్కడికక్కడే మాత్ర. కరెంటు, సూక్ష్మదర్శిని, ప్రయోగశాల ఏవీ అవసరం లేని ఈ చిన్న ప్లాస్టిక్ పలక ఏజెన్సీ గ్రామాల్లో ఎన్నో ప్రాణాలను నిలబెట్టింది. దాన్ని తీసివేయమని ఎవరైనా అంటే ఆ మాట వినకూడదు.

అయినా దానికి హద్దులు ఉన్నాయి. కిట్ వెతికేది పరాన్నజీవిని కాదు, అది రక్తంలో విడిచే మాంసకృత్తును. మలేరియా పరాన్నజీవుల్లో ఫాల్సిపారం రకం కోసం వెతికే హెచ్‌ఆర్‌పీ2 అనే మాంసకృత్తు చికిత్స పూర్తయి పరాన్నజీవులన్నీ చనిపోయాక కూడా వారాలపాటు రక్తంలో నిలిచి ఉంటుంది కనుక నయమైన మనిషి కూడా రోగిలా కనిపిస్తాడు. మరోవైపు ఆ మాంసకృత్తును తయారుచేసే జన్యువే లేని పరాన్నజీవులు 2010లో పెరూలో బయటపడి, తరువాత ఎరిట్రియాలో పెద్ద ఎత్తున, భారతదేశంలో అక్కడక్కడ కనిపించాయి. అటువంటి పరాన్నజీవి ఉన్న రక్తంలో రోగం తీవ్రంగా ఉన్నా గీత పడదు. వీటికి తోడు, మైక్రోలీటరుకు వంద నుంచి రెండు వందల లోపు పరాన్నజీవులుంటే మంచి కిట్ సైతం వాటిని పట్టలేకపోవచ్చు. జ్వరంతో మూలుగుతున్న మనిషి రక్తంలో వేలకొద్దీ ఉంటాయి కాబట్టి ఆ లోపం చికిత్సకు పెద్దగా అడ్డురాదు. జ్వరమే లేకుండా, పనికి పోతూ వస్తూ, పరాన్నజీవిని మోస్తున్న మనిషి దగ్గరే కిట్ ఓడిపోతుంది.

3. అణువు

అణుస్థాయి పరీక్ష వెతికేది పరాన్నజీవి జన్యుపదార్థాన్నే, అంటే డీఎన్‌ఏ పోగులోని ఒక ప్రత్యేక భాగాన్ని. ఆ భాగం కొద్ది ప్రతుల్లో ఉన్నా దాన్ని కోట్ల ప్రతులుగా పెంచి కనిపించేలా చేయడమే కిటుకు. 1983లో కేరీ ముల్లిస్ ఊహించిన పీసీఆర్ పద్ధతిలో వేడి చేయడం, చల్లార్చడం అనే ఆవృత్తం ఒకసారి జరిగితే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ముప్పై ఆవృత్తాలయ్యేసరికి ఒక్క పోగు వంద కోట్లు దాటుతుంది. ఆవృత్తానికొకసారి ఉష్ణోగ్రత మార్చే యంత్రం, చల్లని గది, తడబడని కరెంటు కావాలి గనుక చాలాకాలం ఇది నగరాల్లోని పెద్ద ప్రయోగశాలలకే పరిమితమైంది.

ఆ కంచెను రెండు దారులు దాటాయి. మొదటిది 2000లో జపాన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ల్యాంప్ పద్ధతి. ఇందులో ఉష్ణోగ్రతను మార్చనక్కరలేదు, 60 నుంచి 65 డిగ్రీల వద్ద గంటలోపు నిలిపి ఉంచితే చాలు. సుబ్బారావు స్మృతిలో జరుగుతున్న ఈ సభలో ఒక విషయం ప్రత్యేకంగా చెప్పుకోవలసి ఉంది. డీఎన్‌ఏ పోగుకు కొత్తగా చేరే ప్రతి అక్షరం మూడు భాస్వర సమూహాలతో, ఏటీపీకి తోబుట్టువు వంటి రూపంలో వచ్చి, రెండింటిని వదిలిపెట్టి తాను పోగులో కలుస్తుంది. ల్యాంప్ గొట్టంలో ఈ వదిలిన భాస్వరం మెగ్నీషియంతో కలిసి తెల్లని మడ్డిగా మారుతుంది. గొట్టం తేటగా ఉంటే పరాన్నజీవి లేదు, మసకబారితే ఉంది. రంగు గాఢతను చూసి భాస్వరాన్ని కొలవడం నేర్పిన శాస్త్రజ్ఞుడి పరిశోధనకు ఇంత దగ్గరి బంధువు మరొకటి కనిపించదు.

రెండో దారి భారతదేశంలోనే పడింది. గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ ట్రూనాట్ పేరుతో, బ్యాటరీ మీద పనిచేసే, బల్ల మీద ఒదిగిపోయే పీసీఆర్ యంత్రాన్ని తెచ్చింది. నమూనా నుంచి డీఎన్‌ఏను వేరుచేసే పెట్టె ఒకటి, దాన్ని చిప్ మీద పెంచి చదివే పెట్టె మరొకటి. రెండూ కలిపి ఫలితానికి సుమారు గంట పడుతుంది. క్షయ నిర్ధారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2020లో ఆమోదించింది. కోవిడ్ రోజుల్లో తెలుగు పల్లెల్లో సైతం ట్రూనాట్ అన్న మాట నోళ్లలో నానింది. అదే యంత్రంలో పెట్టదగిన మలేరియా చిప్ కూడా ఉందన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి ఉన్న అనంతగిరి నీడలో నివసించే ఈ ప్రాంత ప్రజలకు ఈ మాట మరింత వర్తిస్తుంది: క్షయ కోసం కొన్న యంత్రం క్షయకే అంకితమై ఉండాలన్న నియమం ఏదీ ప్రకృతిలో లేదు.

ఇంత చెప్పినా అణుస్థాయి పరీక్ష సర్వజ్ఞం కాదు. మైక్రోలీటరుకు ఒకటి రెండు పరాన్నజీవులను పట్టగలదన్నది నిజమే గాని, వేలి నుంచి తీసే రక్తమే అయిదు మైక్రోలీటర్లయినప్పుడు ఆ అయిదింటిలో పరాన్నజీవి చిక్కకపోతే ఎంత గొప్ప యంత్రమైనా లేనిదాన్ని పెంచలేదు. మలేరియాలోని మరో రకమైన వైవాక్స్ కాలేయంలో నిద్రించే దశలో ఉన్నప్పుడు రక్తంలో ఉండదు కనుక దాన్ని ఈ పరీక్ష కూడా చూడలేదు. పైగా చనిపోయిన పరాన్నజీవి డీఎన్‌ఏ కూడా కొన్నాళ్లు కనిపించవచ్చు.

4. పూడూరు ఎందుకు

ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, అల్లూరి సీతారామరాజు జిల్లాల ఏజెన్సీ ప్రాంతాలను విడిచిపెట్టి, మలేరియా అరుదైన వికారాబాద్ జిల్లాలో ఈ పరీక్ష గురించి మాట్లాడడమెందుకని సభాసదులకు సందేహం కలగవచ్చు. ఈ ఉపన్యాసంలోని కీలకం ఇక్కడే ఉంది.

వ్యాధి దట్టంగా ఉన్న చోట జ్వరం వచ్చినవారిని కిట్‌తో పరీక్షించి మాత్రలిస్తేనే పెద్ద ఎత్తున మేలు జరుగుతుంది. అక్కడ గంట పట్టే ఖరీదైన పరీక్ష కోసం రోగిని కూర్చోబెట్టడం అనవసరం. వ్యాధి పలచబడిన చోట పరిస్థితి తలకిందులవుతుంది. మిగిలిన పరాన్నజీవులు జ్వరం లేని మనుషుల్లో, కిట్ హద్దుకు దిగువన దాగి ఉంటాయి; ఆ తక్కువ సంఖ్య కూడా దోమకు సోకించడానికి సరిపోతుంది; ఎవరికీ మలేరియా గుర్తులేదు కనుక జ్వరం రాగానే డెంగీ అనో, టైఫాయిడ్ అనో అనుకుంటారు. 2027 నాటికి స్థానిక మలేరియా కేసులను సున్నాకు తేవాలని, 2030 నాటికి నిర్మూలన పూర్తి చేయాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. ఆ సున్నా నిజమో కాదో తేల్చవలసినది ఇటువంటి జిల్లాలే.

ఇక్కడి భౌగోళిక స్థితి ఆ బాధ్యతను పెంచుతోంది. తాండూరు నాపరాళ్లు ఎన్ని ఇళ్లకు గచ్చులయ్యాయో అన్ని గుంతలను నేలలో మిగిల్చాయి. రాయి తీసి వదిలిన గనుల్లో వానాకాలంలో నిలిచే తేట నీరు అనాఫిలిస్ దోమకు అనుకూలమైన నెలవు. గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో, సిమెంటు కర్మాగారాల చుట్టూ, ఇటుక బట్టీల్లో పనిచేసేవారిలో ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వంటి మలేరియా రాష్ట్రాల నుంచి వచ్చినవారున్నారు. హైదరాబాద్–బీజాపూర్ రహదారి పూడూరు మండలంలోని మన్నెగూడ మీదుగానే సాగుతుంది; తాండూరు దాటితే కర్ణాటక. మనుషులు ఇంతగా కదిలే చోట పరాన్నజీవి కూడా కదులుతుంది. అయితే ఒక హెచ్చరిక అవసరం: వలస కూలీని జబ్బు తెచ్చినవాడిగా చూడడం అమానుషమే కాక పరీక్షకు శత్రువు కూడా, ఎందుకంటే నింద పడిన మనిషి వేలు చాపడు. అతడే ఆ జబ్బుకు మొదటి బాధితుడు.

అరుదైన వ్యాధిని వెతికేటప్పుడు ఒక లెక్క మరువరాదు. ఒక గనిలో వెయ్యి మంది కూలీలుండి వారిలో అయిదుగురికే పరాన్నజీవి ఉందనుకుంటే, నూటికి ఒక్కసారి మాత్రమే పొరపాటుగా ఉందని చెప్పే మంచి పరీక్ష కూడా లేనివారిలో పది మందిని రోగులుగా చూపిస్తుంది. ఉందన్న పదిహేను మందిలో పది మంది ఆరోగ్యవంతులే. కనుక ఉందన్న ఫలితాన్ని అదే పూట మరో జన్యుభాగంతో సరిచూసుకోవాలి. పదేసి మంది రక్తపు చుక్కలను కలిపి ఒకే చిప్ మీద పరీక్షించి, ఉందని తేలిన గుంపును మాత్రమే విడివిడిగా చూస్తే చిప్పుల ఖర్చు బాగా తగ్గుతుంది. ఒక్కొక్కరి రక్తం పదింతలు పలచబడడం వల్ల కొంత పదును తగ్గుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

5. బోదకాలు

మలేరియాకు చెప్పినది బోదకాలుకు కొద్ది తేడాతో వర్తిస్తుంది. బోదకాలుకు కారణమైన పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య చర్మపు రక్తంలోకి వస్తాయి కనుక సర్వే బృందాలు నిద్రపోతున్న ఊళ్లను లేపి రక్తపూతలు తీయవలసి వచ్చేది. పగలు తీయాలంటే ఒక ఉపాయం ఉంది: వంద మిల్లీగ్రాముల డీఈసీ మాత్ర మింగిస్తే అరగంట, గంటలో అవి బయటికి వస్తాయి. సుబ్బారావు బృందం ఇచ్చిన మందే పరీక్షకు సాధనమైంది. తరువాత వచ్చిన కిట్ రాత్రి బాధ తప్పించినా, పెద్ద పురుగు చనిపోయాక కూడా చాలాకాలం గీత చూపుతుంది.

2004 నుంచి సామూహికంగా మాత్రలు పంచాక మనుషుల్లో పురుగు అరుదైంది. అప్పుడు దోమలనే అడగడం మేలు. మురుగు కాలువల్లో పెరిగే క్యూలెక్స్ దోమలను పట్టి, పాతికేసి చొప్పున కలిపి అణుస్థాయి పరీక్ష చేస్తే ఊరిలో పురుగు ఇంకా తిరుగుతోందో లేదో ఒక్క మనిషికీ సూది గుచ్చకుండా తెలుస్తుంది. ఒకసారి వాచిన కాలు మాత్రతో మామూలు కాదు. తెలంగాణ ప్రభుత్వం బోదకాలు బాధితులకు పింఛను ఇవ్వవలసి వచ్చింది అందుకే. మరో తరం ఆ పింఛనుకు అర్హత పొందకుండా చూడడమే పరీక్ష చేయవలసిన పని.

6. దూరం

పరీక్షను నమూనా దగ్గరకు తేవాలా, నమూనాను పరీక్ష దగ్గరకు పంపాలా అన్నది చివరి ప్రశ్న. తెలంగాణ ప్రభుత్వం 2021 జూన్‌లో వికారాబాద్‌తో సహా 19 జిల్లాల్లో డయాగ్నస్టిక్ హబ్‌లు ప్రారంభించి, పీహెచ్‌సీల నుంచి నమూనాలను వాహనాల్లో తెప్పించే ఏర్పాటు చేసింది. షుగరు, థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలకు ఇది చక్కని పద్ధతి. ఆ రోగి రేపు కూడా అదే ఊరిలో ఉంటాడు. గని కూలీ రేపు ఎక్కడుంటాడో మేస్త్రీకే తెలియదు. ఫలితం ఫోనుకు వచ్చేసరికి మనిషి మరో బట్టీకి వెళ్లిపోతే ఆ పరీక్ష జరగనట్టే. కనుక పరాన్నజీవుల విషయంలో యంత్రమే బండెక్కి కూలీ దగ్గరకు వెళ్లాలి. ఒకే సందర్శనలో చుక్క, ఫలితం, మాత్ర మూడూ పూర్తి కావాలి.

అందుకు యంత్రం ఒక్కటే చాలదు. రక్తం నుంచి డీఎన్‌ఏను వేరుచేయడంలోనే తప్పులు ఎక్కువ జరుగుతాయి, కాబట్టి ఆ పనిలో చేయి తిరిగిన టెక్నీషియన్ కావాలి. ఖాళీ పోస్టు ముందు ఎంత ఆధునిక యంత్రమైనా మూత తెరుచుకోదు. ఎండాకాలం ఈ ప్రాంతంలో గది వేడి నలభై డిగ్రీలు దాటుతుంది గనుక చిప్పుల నిల్వకు పెట్టె మీద ముద్రించిన ఉష్ణోగ్రతను పాటించే ఏర్పాటు ముందే ఉండాలి. వైవాక్స్ అని తేలినవారికి కాలేయంలోని పరాన్నజీవిని చంపే ప్రైమాక్విన్‌ను పద్నాలుగు రోజులు ఇవ్వాలి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపించినవారిలో అది ఎర్రకణాలను విచ్ఛిన్నం చేస్తుంది కనుక ఆ లోపాన్ని పట్టే పరీక్ష కూడా అదే బండిలో ఉండాలి. ఆ పద్నాలుగు రోజుల మాత్రలు కూలీ చేతికి అందాక అతడు ఊరు మారితే, ఏ మాత్ర ఎన్నో రోజుదో అతని భాషలో రాసిన చీటీ జేబులో ఉండాలి.

2023లో వికారాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. ఆ కళాశాల సామాజిక వైద్య విభాగానికీ, జిల్లా వైద్యాధికారులకూ, గనుల యజమానులకూ ఈ వేదిక నుంచి ఒక విన్నపం. వచ్చే వానాకాలంలో, జూలై నుంచి అక్టోబరు వరకు, తాండూరు గనుల్లో ఒక సముదాయాన్ని ఎంచుకుని, ఇష్టపూర్వకంగా ముందుకు వచ్చిన కూలీల నుంచి ఒకే వేలిపోటుతో రక్తపూత, కిట్, అణుస్థాయి పరీక్ష మూడూ చేసి, ప్రతి ఒక్కరి విషయంలో చుక్క తీసిన వేళనూ మాత్ర మింగిన వేళనూ రాసి ఉంచండి. పరీక్ష కోసం ఆగిన గంటకు కూలి కోయకుండా గని యజమానులు సహకరించండి. వచ్చిన ఫలితాలను, సున్నా వచ్చినా సరే, తెలుగులో ముద్రించి పూడూరు, తాండూరు పంచాయతీలకు పంపండి.